ముప్పావుగంట దారి

మా ఇంట్లో దూరాన్ని కిలోమీటర్లలో కొలిచే అలవాటు లేదు. పాలతో కొలుస్తారు. పొద్దున పిండిన పచ్చిపాలు క్యాన్‌లో పోసుకొని బయలుదేరితే, అవి విరగకముందే చేరగలిగిన చోటు దగ్గర. చేరేలోపు విరిగిపోయాయంటే దూరం. అంతే, మధ్యలో ఇంకో లెక్క లేదు. తాతల నాటి నుంచి గౌలిపురలో బర్రెలు పెట్టుకొని బతుకుతున్న ఇల్లు మాది. మా నానమ్మ దృష్టిలో హైదరాబాదు అంటే మా పాలు పోయినంత మేర. ఆ అవతల ఉన్నదంతా వేరే ఊరు, వేరే మనుషులు, నీళ్లపాలు.

అలాంటి ఇంట్లో నాకు లింగంపల్లి దగ్గరున్న యూనివర్సిటీలో చరిత్రలో ఎమ్మే సీటు వచ్చింది.

సంతోషంతో ఎగురుకుంటూ వచ్చి చెప్తే, నానమ్మ గడ్డి వేసే చెయ్యి ఆపకుండానే బాపును అడిగింది.

"లింగంపల్లికి మన పాలు ఎన్నడన్న పోయినయారా?"

"పోలే అమ్మా."

"ఇంకేంది మరి. గది దూరం."

అయిపోయింది! అంత చదివి, అంత పెద్ద పరీక్ష రాసి తెచ్చుకున్న సీటు, బర్రెకు గడ్డి వేసినంత తేలిగ్గా పోయింది. మా ఇంట్లో దూడకు పేరు పెట్టాలన్నా, మనిషిని మూసీ దాటించాలన్నా నానమ్మ మాటే చెల్లుతుంది. ఆమె దగ్గర నా కోసం వేరే ఉపాయం సిద్ధంగా ఉంది కూడా. మా గల్లీ దాటితే ఒక బీఈడీ కాలేజీ ఉంది. నడిచి వెళ్లొచ్చు, నడిచి రావొచ్చు, మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడి అన్నం తినొచ్చు. లొల్లి లేని చదువు. హాస్టల్ మాట ఎత్తబోతే నోరు తెరవకముందే మూయించింది. "ఇంట్ల ఇన్ని బర్లు పెట్టుకొని ఆడికిపోయి నీళ్లపాల చాయ్ తాగుతవా? నలుగురు ఏమనుకుంటరు?"

నాకు టీచరు కావాలని లేదు. మా గల్లీ చివర ఒక పాత కమాను ఉంది. దాని మీద చెక్కిన అక్షరాలు ఏమిటని చిన్నప్పటి నుంచి ఎవర్ని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పేవాళ్లు. ఒకరు నవాబు పేరన్నారు, ఒకరు కట్టిన మేస్త్రీ పేరన్నారు, ఒకాయన మా తాత పేరే అన్నాడు! అసలు సంగతి తెలుసుకోవాలన్న పిచ్చి నాకు అక్కడ పట్టింది. ఆ పిచ్చికి మందు లింగంపల్లిలో ఉంది. నానమ్మ దాన్ని పాలతో కొలిచి పక్కన పెట్టేసింది. ఆ రోజు అన్నం తినకుండా మొండికేశాను. అమ్మ నా కంచం మీద మూత పెట్టి ఉంచింది.

చివరికి బాపు అన్నాడు. "అమ్మా, పాలు పోలేదంటున్నవు కదా. నేను తీస్కపోయి చూస్త. ఇరిగినయనుకో, వద్దు. ఇరగలేదనుకో, బిడ్డ పోతది."

నానమ్మ సరేనంది. లెక్క ఆమెదే కాబట్టి కాదనలేకపోయింది.

మర్నాడు తెల్లవారుజామున బాపు చిన్న క్యాన్ నిండా అప్పుడే పిండిన పాలు పోసి, బండికి కట్టుకొని బయలుదేరాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. వాకిలి ఊడుస్తున్న అమ్మ నన్ను చూసి, "నిలబడితే తొందరగొస్తడా? నీళ్లు పట్టు పో" అంది.

ఎండ పొడ వచ్చేసరికి బాపు వచ్చాడు. బండి స్టాండు వేయకముందే అరిచాడు.

"ముప్పావుగంట! గంతే! సీదా రోడ్డు, నడుమ ఎవ్వడు లేడు!"

"పాలు?" అంది నానమ్మ.

"యూనివర్సిటీ గేటు చేత్తోని ముట్టుకున్న. ఆడ వాచ్‌మన్ స్టవ్ ముట్టించి కూసున్నడు. గా పాలే కాచి చాయ్ పెట్టిండు. ఇద్దరం తాగినం. ఇరగలే!"

నానమ్మ లేచి వెళ్లి క్యాన్ మూత తీసి వాసన చూసింది. అడుగున మిగిలిన పాలు వేలితో నాలుక మీద వేసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. "పో బిడ్డా. దగ్గరే."

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికి గల్లీ మొత్తానికి తెలిసిపోయింది, ఫలానా వాళ్ల బిడ్డ చదివే యూనివర్సిటీ ముప్పావుగంట దారి అని. మా బాపు మాట మీద ఎవరికీ అనుమానం రాదు. పాలల్లో చుక్క నీళ్లు కలపని మనిషి, మాటలోనూ కలపడని పేరు.

బాపు అబద్ధం చెప్పలేదు. నిజంగానే ముప్పావుగంట పట్టింది. కానీ మా బాపుకు తెలిసిన హైదరాబాదు, లోకం నిద్రలేవకముందు ఉండే హైదరాబాదు. పాలు పోసి వచ్చి, గడ్డి తెచ్చి వేసి, అన్నం తిని పడుకుంటాడు. సాయంత్రం మళ్లీ పాలు పిండుతాడు, అది కూడా నాలుగు గల్లీల్లోనే పోస్తాడు. పొద్దున ఆఫీసు వేళ మెహిదీపట్నం ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడలేదు. మా ఇంట్లో ఇంకెవరూ చూడలేదు. పాలు పోసే వేళకు పరీక్ష పెట్టి, క్లాసుల వేళకు నన్ను పంపుతున్నామన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. తట్టే ఇల్లు కాదు మాది. ప్రయాణమంటే మాకు పాలవేళ ప్రయాణమే.

మొదటి రోజు క్లాసు పదింటికి. నానమ్మ లెక్క ప్రకారం తొమ్మిదింటికి బయలుదేరితే చాలు, పావుగంట మిగులుతుంది కూడా. బయలుదేరాను.

షేర్ ఆటోలో అఫ్జల్‌గంజ్ చేరేసరికే నానమ్మ ఇచ్చిన టైములో సగం పోయింది. ఆటోవాలా నన్ను ఎక్కించుకున్నాక కూడా "ఏక్ సవారీ, ఏక్ సవారీ" అని అరుస్తూనే ఉన్నాడు. అప్పటికే ఆటోలో గాలికి కూడా చోటు లేదు. ఇక బస్సు! ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా, పట్నంలో ఉన్న ఆడవాళ్లందరూ ఆ రోజే, ఆ బస్సుకే బయలుదేరినట్టున్నారు. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకోవాలి. కార్డేమో బ్యాగులో ఉంది, బ్యాగేమో ఎవరి కాళ్ల మధ్యో ఉంది, నా చెయ్యి పైన కడ్డీకి వేలాడుతోంది. కండక్టరమ్మ నా వైపు చూసి, "బిడ్డా, నీ కార్డు తర్వాత చూస్త గాని ముందుగాల నా కాలు మీదకెల్లి దిగు" అంది.

మెహిదీపట్నంలో దిగి ఇంకో బస్సు వెతుక్కోవాలి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. "నాకు తెల్వదు" అనే మనిషిని నేను ఈ పట్నంలో ఇంతవరకూ చూడలేదు. దారి అడిగితే చాలు, తెలిసినా తెలియకపోయినా చెయ్యి చాపి చూపించాల్సిందే. ఒకాయన "సీదా జాకే లెఫ్ట్ లేలో బేటీ" అన్నాడు. వెళ్తే గోడ. ఇంకొకాయన ఎదురుగా ఉన్న బస్సు చూపించి, "గిదే, ఎక్కు ఎక్కు, ఫికర్ జెయ్యకు" అని తనే నన్ను ఎక్కించాడు. అది గోల్కొండ పోయింది. అంత ప్రేమగా ఎక్కించిన మనిషి మీద కోపం ఎలా తెచ్చుకోవడం? అయినా తెచ్చుకున్నాను, మస్తు తిట్టుకున్నాను.

లింగంపల్లి బస్సు దొరికి, యూనివర్సిటీ గేటు ముందు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. హమ్మయ్య చేరానని గేటు ముట్టుకున్నాను. బాపు కూడా ఇంతే ముట్టుకొని తిరిగొచ్చాడు. గేటు లోపల ఇంకో అడవి ఉందని, ఆ రాళ్లూ రప్పలూ దాటి మా డిపార్టుమెంటుకు నడవాలని ఆయనకెవరు చెప్తారు? నేను క్లాసు తలుపు తీసేసరికి మేడం పొద్దుటి ఆఖరి క్లాసు కూడా ముగించి బోర్డు తుడుస్తోంది. నన్ను ఎగాదిగా చూసి, "ఏ ఊరమ్మా?" అని అడిగింది.

"హైదరాబాదే మేడం," అన్నాను. క్లాసంతా నవ్వింది.

సాయంత్రం అదే దారిలో తిరిగొచ్చాను. జడ ఊడిపోయి ఉంది, ఒక చెప్పు తెగి ఉంది. నానమ్మ కొట్టం ముందు కూర్చొని ఉంది. పక్కనే బాపు క్యాన్లు తుడుస్తున్నాడు.

"ఏమే, ముప్పావుగంటేనా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పానంటే రేపటి నుంచి బీఈడీ కాలేజీ. ఆమె లెక్క ఆమె మార్చుకునే మనిషి కాదు. ఇంతలో బాపు తలెత్తి నా వైపు చూశాడు. ఆ ముఖంలో ఎంత గర్వమో! తన బిడ్డకు తనే దారి వేసినంత గర్వం.

"ఆ నానమ్మా," అన్నాను. "ముప్పావుగంటే."

"మరి ఆ కాలి చెప్పేమైంది?"

"క్లాసులో తెగింది."

అప్పటి నుంచి నాకు రెండు చదువులు. ఒకటి చరిత్ర. రెండోది, మూడు గంటల దారిని ఇంట్లో ముప్పావుగంటగా నిలబెట్టడం. రెండోదే కష్టం.

పొద్దున్నే క్యాన్లు కడగడం, గల్లీలో నాలుగిళ్లకు పాలు పోయడం నా పని. అది ముగించి ఏడింటికే బయలుదేరితే నానమ్మ ఊరుకుంటుందా? "పదింటి క్లాసుకు గిప్పుడే ఏంది?" అనేది. లైబ్రరీ అన్నాను. రోజూ లైబ్రరీయేనా అంది. పుస్తకాలు ముందు పోయినవాళ్లకే దొరుకుతాయన్నాను. పాలు కూడా అంతే కాబట్టి ఆ మాట ఆమెకు నచ్చింది.

అసలు ప్రమాదం ఇంకో వైపు నుంచి వచ్చింది. దగ్గరన్నాక దగ్గరలాగే వాడుకుంటారు కదా! "మధ్యాహ్నం గంటసేపు ఖాళీ ఉంటదంటివి. ఇంటికొచ్చి తిని పో" అంది ఒకరోజు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. క్యాంటీన్లో తినకపోతే అటెండెన్స్ కోస్తారని చెప్పాను. ఇంత పిచ్చి మాట ఎలా నమ్మిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంకోరోజు ఏకంగా ఫోన్ చేసి, "బర్రెకు డాక్టరొచ్చిండు, ఇంట్ల ఎవ్వరు లేరు, జర వచ్చి పో" అంది. వచ్చేసరికి డాక్టరు పోయి, బర్రె కోలుకొని, గడ్డి కూడా తింటోంది. దారిలో ధర్నా అన్నాను. ఆ ఏడాది నేను చెప్పినన్ని ధర్నాలు నిజంగా జరిగుంటే ప్రభుత్వమే పడిపోయేది.

మెల్లగా దారి నా చేతికి వచ్చింది. బస్సు వదిలేసి రైలు పట్టుకున్నాను. మా ఇంటికి దగ్గరి స్టేషను ఉప్పుగూడ. కానీ అక్కడ ఎక్కితే నిలబడాలి. వెనక్కి ఫలక్‌నుమా దాకా వెళ్తే అక్కడే రైలు మొదలవుతుంది, కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. ముందుకు పోవాలంటే ముందు వెనక్కి పోవాలని అలా నేర్చుకున్నాను. ఆడవాళ్ల డబ్బాలో కూర్చుంటే ఇక లొల్లి లేదు. ఒకామె చిక్కుడుకాయ తుంచుతుంది, ఒకామె నిద్రపోతుంది, నేను నోట్సు చదువుకుంటాను. దారి అడగాల్సి వస్తే ఒకర్ని అడిగి నమ్మకూడదు, వరసగా ముగ్గుర్ని అడగాలి, ఇద్దరు చెప్పిన వైపు పోవాలి. క్యాంపస్‌లో తిరిగే చిన్న బస్సు కోసం ఎదురుచూడకుండా రాళ్ల మధ్య కాలిబాట పట్టుకోవాలి. అన్నీ కలిసొస్తే రెండు గంటల్లో క్లాసులో ఉండేదాన్ని. కానీ ఫలక్‌నుమాకు నడిచి వెళ్లడానికే సగం ప్రాణం పోయేది. క్యాన్లు ఆలస్యమైతే రైలు పోయేది. రైలు పోతే మళ్లీ ఆ బస్సే, ఆ కడ్డీయే.

ఇలా ఒక సెమిస్టరు దొర్లింది. రెండో సెమిస్టరు ఎండాకాలంలో మా పెద్ద బర్రె ఈనింది.

మా మేడం ఒకసారి క్లాసులో, చిన్నప్పుడు తిన్న జున్ను మళ్లీ దొరకలేదని అంది. మాది పాలమ్మే ఇల్లని చెప్పే సందు దొరికింది కదా అని నేను గొప్పగా, "మా బర్రె ఈనితే జున్నుపాలు తెస్తా మేడం" అనేశాను. అంతటితో ఊరుకోకుండా అదే మాట ఇంట్లో కూడా చెప్పాను. నానమ్మ ఏదీ మర్చిపోదు. బర్రె ఈనిన మర్నాడు పొద్దున్నే, "జున్నుపాలు పిండుత, తీస్కపో, చదువు చెప్పే తల్లికి" అంది. ఆ ఎండలో, ఆ దారిలో జున్నుపాలు ఎక్కడ చేరతాయి? అవి విరిగాయని ఆమెకు తెలిస్తే నా చదువు కూడా విరిగినట్టే. ఆమె కొట్టంలోకి వెళ్లగానే చెప్పులు చేత్తో పట్టుకొని, పిల్లిలా గల్లీ దాటేశాను. తప్పించుకున్నాననే అనుకున్నాను.

క్లాసులో ఉండగా అమ్మ ఫోన్. "జున్నుపాలు మర్చిపోయి పోయినవంట. నానమ్మ బాపును తోలింది. బండి చాంద్రాయణగుట్ట మెకానిక్ కాడ ఉన్నది కదా, బస్సుల వస్తున్నడు. ముప్పావుగంటల వస్తడు, గేటు కాడ నిలబడు."

నోట్సు మూసి క్లాసులోంచి లేచాను.

గేటు దగ్గరికి వెళ్లి వాచ్‌మన్ కుర్చీ పక్కన రాయి మీద కూర్చున్నాను. ఆనాడు బాపుకు చాయ్ పెట్టింది ఈయనే. పాలాయన వస్తున్నాడని చెప్తే మస్తు సంబరపడ్డాడు. ముప్పావుగంట గడిచీ గడవకముందే నానమ్మ ఫోన్. "చేరిండా?" ఏం చెప్పను? "చేరిండు నానమ్మా, మేడంతో మాట్లాడుతున్నడు" అన్నాను. చెప్పాక నోటి మీద నేనే కొట్టుకున్నాను. ఇప్పుడు నా అబద్ధంలోకి బాపును కూడా లాగాను. ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎత్తడానికి చెయ్యి ఖాళీ ఉండొద్దూ?

ఎండ నెత్తి మీదికొచ్చి, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. ఒక్కో బస్సు ఆగుతోంది, పోతోంది. ఏ బస్సులోంచీ బాపు దిగడం లేదు. వాచ్‌మన్ రెండుసార్లు నాకు నీళ్లిచ్చాడు.

చివరికి ఒక బస్సులోంచి బాపు దిగాడు. దిగలేదు, జనం దింపారు. చొక్కా తడిసి ముద్దయింది. తల మీద రుమాలు లేదు, ఎక్కడో పోయింది. క్యాన్ మాత్రం చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో గుండెకు పట్టుకొని ఉన్నాడు. క్యాన్ నేల మీద పెట్టి, మూత తీసి, వంగి వాసన చూశాడు. మళ్లీ మూత పెట్టేశాడు. వాసన నా దాకా వచ్చింది.

"బస్సుల జాగ లేదని బానెట్ మీద పెట్టిపిచ్చిండు డ్రైవరు," అన్నాడు.

దొరికింది సందు అనుకున్నాను. "అందుకే విరిగినయ్ బాపు! బానెట్ వేడికి. లేకుంటే విరిగేటివి కాదు."

"బానెట్ మీద పెట్టింది మెహిదీపట్నం దాటినంక బిడ్డా. అప్పటికే వాసన మారింది."

వాచ్‌మన్ స్టవ్ ముట్టించబోయి, మా ముఖాలు చూసి ఆపేశాడు. బాపు క్యాన్ తీసుకొని, ఎవరి కాలూ పడని చోటు వెతికి, గోడ పక్కన ఒక చెట్టు మొదట్లో పాలు పోశాడు. మా ఇంట్లో పాలు విరిగినా తొక్కనివ్వరు. తర్వాత వచ్చి నా పక్కన రాయి మీద కూర్చున్నాడు.

"రోజు గిట్లనేనా?"

"రోజూ కాదు బాపు. రైలు దొరికితే జర నయం."

"దొరకకపోతే?"

నేను కుట్టించుకున్న చెప్పు వైపు చూసుకున్నాను.

"మరి ముప్పావుగంట అని ఎందుకు చెప్పినవే?"

"నువ్వే చెప్పినవు కదా బాపు!"

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ఎంత నవ్వాడంటే కళ్లలో నీళ్లొచ్చాయి, రుమాలు లేక చొక్కాతో తుడుచుకున్నాడు. "సీదా రోడ్డు అన్న నేను! నడుమ ఎవ్వడు లేడన్న!" అని మళ్లీ నవ్వాడు. నేనూ నవ్వాను. నానమ్మకు నేను ఫోన్‌లో చెప్పింది కూడా చెప్పేశాను. అది విన్నాక ఆయన నవ్వు ఆగిపోయింది.

తిరుగు ప్రయాణంలో రైలెక్కించాను. బాపు కోసం నేను కూడా మామూలు డబ్బాలోనే ఎక్కాను. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. చాలాసేపు బయటికి చూస్తూ ఉన్నాడు. ఇన్నేళ్లుగా ఈ పట్నంలోనే ఉండి, పగటిపూట దాని మొహం మొదటిసారి చూస్తున్నాడు. "గిన్ని ఇండ్లు ఎప్పుడు లేసినయే?" అన్నాడు ఒకచోట. ఇంకోచోట, "పొద్దుగాల ఈ రైలు ఎన్నింటికుంటది?" అని అడిగాడు. చెప్పాను. ఇంట్లో ఏం చెప్తావని అడగడానికి నాకు నోరు రాలేదు. అబద్ధం చెప్పమని బాపును ఎలా అడగడం? పాలల్లో నీళ్లు పోయమని అడిగినట్టే అది.

ఇంటికొచ్చేసరికి నానమ్మ కొట్టం ముందు ఎప్పటిలాగే కూర్చొని ఉంది. చేతిలో విసనకర్ర.

"వచ్చిండ్రా? ఎంతసేపు పట్టిందిరా?"

బాపు బకెట్లో చెయ్యి పెట్టి మొహం కడుక్కున్నాడు. నేను గోడకు ఆనుకున్నాను. బీఈడీ కాలేజీ గేటు నా కళ్ల ముందు కనిపిస్తోంది.

"ముప్పావుగంట," అన్నాడు బాపు.

"పాలు?"

"మంచిగ చేరినయ్. మేడం మస్తు ఖుషీ అయింది."

"నేను చెప్పలే! దగ్గరే!" అని నానమ్మ విసనకర్ర ఊపుకుంది. బాపు ఆమె వైపు గానీ నా వైపు గానీ చూడలేదు. మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. మా అమ్మ ఆయన తడిసిన చొక్కా చూసింది, నా మొహం చూసింది, మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నాకు ఏడుపాగలేదు. బర్రె దగ్గరికి వెళ్లి, దాని మెడ నిమురుతున్నట్టు నిలబడి ఏడ్చాను. పుట్టి బుద్ధెరిగాక పాలల్లో చుక్క నీళ్లు కలపని మనిషి, నా కోసం మాటలో కలిపాడు.

మర్నాడు పొద్దున నేను లేచి బయటికి వచ్చేసరికి క్యాన్లు కడిగి, వరసగా బోర్లించి ఉన్నాయి. నా నాలుగిళ్ల పాలు కూడా ఎవరో పోసేసి వచ్చారు. గల్లీలో బండి నిలబడి ఉంది, మెకానిక్ దగ్గర్నుంచి ఎప్పుడు తెచ్చాడో! దాని మీద కొత్త రుమాలు కట్టుకొని బాపు కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి వెనక సీటు మీద చెయ్యి తట్టాడు. నేను బ్యాగు వేసుకొని ఎక్కాను.

అలికిడికి నానమ్మ లోపలి నుంచి కేకేసింది. "ఎటురా పొద్దుగాల్నే?"

"గడ్డికి పోతున్న అమ్మా. బిడ్డను దారిల దింపుత."

గడ్డి అమ్మే చోటు మా ఇంటికి అటు వైపు. నేను రైలెక్కే ఫలక్‌నుమా ఇటు వైపు. ఆ సంగతి నానమ్మకు తెలియనిది కాదు.

"ఆ గడ్డికి గంత జల్దేంది? గీడనే కదా!"

బాపు కిక్కు కొట్టాడు.

"యాడ దగ్గర అమ్మా," అని అరిచాడు. "ముప్పావుగంట పడుతది!"